సోలో ట్రిప్‌లో మొదటి మూడు రోజులు ఒకే ఊళ్ళో ఉండాలా, దిగిన రాత్రే బస్సెక్కాలా? (హనోయ్)

కొత్తదారి:

మా ఆఫీసులో ఒకబ్బాయి మొదటిసారి ఒంటరిగా బయటి దేశం వెళ్తున్నాడు, వియత్నాం. సెలవు పన్నెండు రోజులు దొరికింది. ప్లాన్ తెచ్చి చూపించాడు. తెల్లారుతుండగా హనోయ్‌లో దిగుతాడు, పగలంతా ఊరు చుట్టేస్తాడు, ఆ రాత్రే సపాకి స్లీపర్ బస్సు, ఒక రోజు కొండల్లో తిరిగి మళ్ళీ రాత్రి బస్సులో వెనక్కి, దిగిన పొద్దున్నే హాలాంగ్ బే వ్యాను. నేను వద్దన్నాను. మొదటి మూడు రాత్రులు హనోయ్‌లోనే ఒకే హాస్టల్లో పడుకో, కొండలూ సముద్రమూ ఎక్కడికీ పోవు అన్నాను. పక్కనున్న ఇద్దరు నా మీదికి లేచారు, అంత ఖర్చు పెట్టుకుని వెళ్ళి ఊరికే కూర్చోమంటావా అని. మీరేమంటారో తెలుసుకుందామని ఇక్కడ పెడుతున్నాను. నా వాదన ముందు చెప్తాను.

మొదటి రెండు మూడు రోజులు ఆ ఊరికి అలవాటు పడటానికే సరిపోతాయి. డబ్బు సంగతే తీసుకోండి. రూపాయికి దాదాపు 300 డాంగ్‌లు. రెండు సున్నాలు కొట్టేసి మూడుతో భాగిస్తే రూపాయలు వస్తాయి, 45,000 అంటే 150. ఇంట్లో కూర్చుంటే ఎవరికైనా వచ్చే లెక్కే. రాత్రి తొమ్మిదింటికి బాన్ మీ (వాళ్ళ శాండ్‌విచ్) బండి దగ్గర, వెనక నలుగురు నిలబడి ఉండగా, పర్సులోంచి గబగబా నోటు తీసి ఇవ్వాలి చూడండి, అప్పుడు తెలుస్తుంది. 20,000 నోటూ నీలమే, 500,000 నోటూ నీలమే. రెండూ ప్లాస్టిక్‌లా జారిపోయే నోట్లే, రెండింటి మీదా హో చి మిన్ బొమ్మే. ఒకటి అరవై చిల్లర రూపాయలు, ఇంకొకటి పదహారు వందల పైమాటే. ఆ తేడా కంటికి ఆనాలంటే కొన్నాళ్ళు టీలూ అరటిపళ్ళూ కొని చిల్లర తీసుకోవాలి, పెద్ద నోట్లు వేరే జేబులో పెట్టుకోవడం అలవాటవ్వాలి. నిద్రలేని మొహంతో బస్టాండులో నేర్చుకునే పని కాదది.

రోడ్డు దాటడం ఇంకొకటి. ఓల్డ్ క్వార్టర్‌లో, అంటే హనోయ్ పాతబస్తీలో, బైకులు ఆగుతాయని చూస్తే అక్కడే నిలబడిపోతారు, ఆగవు. ఒకే వేగంతో, మధ్యలో ఆగకుండా, వెనక్కి అడుగు వేయకుండా నడుచుకుంటూ పోవాలి, బైకువాళ్ళే మనల్ని చూసి అటో ఇటో తప్పించుకుంటారు. మనకేమో చెయ్యి అడ్డం పెట్టి ఒక్క పరుగు తీయడం అలవాటు, అక్కడ ప్రమాదం దాంతోనే. ఎవరైనా ముసలావిడ కూరగాయల సంచితో దాటుతుంటే ఆవిడ పక్కన నడవండి, ఒక పూటలో వచ్చేస్తుంది.

ఇంకా సిమ్ పనిచేయాలి, క్యాబ్ యాప్ గ్రాబ్‌లో కార్డు పడాలి, ఏటీఎంలో డబ్బు రావాలి. వీటిలో ఏ ఒక్కటి మొరాయించినా సరిచేసుకోవడానికి హనోయ్‌లో పది దారులుంటాయి, సపా కొండమీద అర్ధరాత్రి ఉండవు. అందుకే ముందు ఊళ్ళో కుదురుకోమంటాను.

నైట్‌బస్:

అన్నా, మీ మాట మీద గౌరవంతోనే చెప్తున్నా, ఇది నెలల తరబడి తిరిగే తెల్లవాళ్ళకి చెప్పే సలహా. వాళ్ళు ఉద్యోగం మానేసి వస్తారు, ఒక ఊళ్ళో వారం కూర్చున్నా వాళ్ళకి నష్టం లేదు. మనకి మేనేజర్‌ని బతిమాలితే వచ్చేది పన్నెండు రోజులు, అందులో రానూపోనూ రెండు మూడు రోజులు ఎలాగూ పోతాయి. మిగిలినవాటిలో మూడు ‘అలవాటు’కి రాసిస్తే ఇంకేం మిగిలింది? హా జ్యాంగ్ కొండలు వద్దు, సపా వద్దు, హోయ్ ఆన్ పాత ఊరు వద్దు, సరస్సు గట్టు మీద కూర్చుని కాఫీ తాగి వచ్చేయమంటారా?

అసలు కొత్త అంత భయపడాల్సినదేం కాదు. టైం తేడా గంటన్నర మాత్రమే, జెట్‌లాగ్ అన్న మాటే లేదు. కోఠిలో రోడ్డు దాటినవాడికి హనోయ్ ట్రాఫిక్ ఒక లెక్కా? రాత్రి బస్సెక్కితే ఒక రాత్రి హాస్టల్ అద్దె మిగులుతుంది, పడుకుని లేచేసరికి కొండల్లో ఉంటాం. నేనైతే అలాగే చేశాను, ఇంకోసారి వెళ్ళినా అలాగే చేస్తాను.

ఇంకోటి, కుదురుకోవడానికి ఓల్డ్ క్వార్టరే ఎందుకు? చెవులు చిల్లులు పడే హారన్లు, ఫుట్‌పాత్ నిండా బైకులు, రాత్రి రెండింటి దాకా పాటలు. ఎవరికైనా కాస్త భయం ఉంటే హనోయ్‌లో దిగిన రోజే రెండు గంటల దూరంలో ఉన్న నిన్ బిన్ వెళ్ళిపోండి. పొలాలు, సున్నపురాయి కొండలు, అద్దె సైకిలు. అక్కడ ఊపిరి తీసుకుని, చివర్లో ధైర్యం వచ్చాక హనోయ్ చూడండి. నా లెక్కలో పెద్ద ఊరిని చివర పెట్టుకోవాలి.

కాకినాడ కాజా:

నైట్‌బస్ గారూ, బస్సు రాత్రి పదింటికి బయల్దేరితే సపాలో నాలుగింటికల్లా దింపుతుంది. కొన్ని బస్సుల్లో ఆరింటి దాకా లోపలే పడుకోనిస్తారు, కొన్నిట్లో లేపి దించేస్తారు. చలిలో, చీకట్లో, ఎవరూ తెలియని చోట బ్యాగేసుకుని నిలబడటం మీకు సాహసం అనిపించొచ్చు. ఒంటరిగా వెళ్ళిన ఆడపిల్లకి అది దేశంలో రెండో రోజే రావాల్సిన అవసరం ఏముంది? నేను సపా వెళ్ళాను, రాత్రి బస్సులోనే వెళ్ళాను, కానీ అప్పటికి నా ఫోన్ పనిచేస్తోంది, గ్రాబ్ పనిచేస్తోంది, ముందు దిగిన హాస్టల్ రిసెప్షన్ అమ్మాయి నంబరు నా దగ్గరుంది. సగం సామాను కూడా ఆ హాస్టల్లోనే పెట్టి చిన్న బ్యాగుతో వెళ్ళాను. ఊళ్ళో ఒక ఆధారం ఏర్పడ్డాక చేసే ప్రయాణం వేరు.

అలాగని కొత్తదారి గారి ‘మూడు రాత్రుల’ లెక్క కూడా నాకు నచ్చలేదు. అందరికీ మూడే ఎందుకు? నాకొక గుర్తుంది. చీకటి పడ్డాక ఫోన్ తీయకుండా హాస్టల్‌కి తిరిగి రాగలిగితే ఆ ఊరు నాకు పట్టుబడినట్టే. ఓల్డ్ క్వార్టర్‌లో అది కష్టమేం కాదు, ఒక్కో వీధిలో ఒక్కో సరుకు అమ్ముతారు కాబట్టి. వెండి షాపులు కనిపిస్తే హాంగ్ బాక్, ఎర్ర కాగితాలూ పూజ సామాన్లూ వేలాడుతుంటే హాంగ్ మా, డబడబా రేకు కొడుతున్న చప్పుడు వస్తే హాంగ్ థియెక్, ఎండిన వేర్ల వాసన వస్తే మూలికల మందులమ్మే లాన్ ఓంగ్. నేను దారి గుర్తుపెట్టుకున్నది చెవులతోనూ ముక్కుతోనూ. కొందరికి ఇది ఒక్క రోజులో వస్తుంది, కొందరికి నాలుగు రోజులు పట్టినా తప్పేం లేదు.

వెళ్ళబోయే అబ్బాయికి ఒక మాట చెప్పండి. బ్యాంకు కార్డు మీద విదేశీ వాడకం ఇక్కడుండగానే యాప్‌లో ఆన్ చేసుకోమనండి. 2020లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన నిబంధన తర్వాత వచ్చిన కార్డుల్లో అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. మన సిమ్‌కి రోమింగ్ కూడా ఆన్ చేసుకుని, మొబైల్ డేటా మాత్రం ఆపేసి ఉంచాలి, ఓటీపీ దానికే వస్తుంది కదా. ఒక్క సిమ్ మాత్రమే పట్టే ఫోన్ అయితే వియత్నాం సిమ్ వేయగానే మన నంబరు పోతుంది, ఓటీపీ రాదు, కార్డు పడదు. అందుకే అక్కడి నంబరు ఈసిమ్‌గా తీసుకోవడం మేలు.

ఇక్కడే ఉంటున్నా:

నమస్తే అందరికీ. ఉద్యోగం మీద హనోయ్‌లో ఉంటున్నాను, సొంత ఊరు ఒంగోలు. మనవాళ్ళు వచ్చినప్పుడు సందేహాలకి నాకే ఫోన్ చేస్తారు కాబట్టి ఈ వాదన నాకు బాగా పరిచయం.

ముందు వాతావరణం. వియత్నాం అంటే మనకి వేడి, కొబ్బరిచెట్లు గుర్తొస్తాయి. అది దక్షిణం. హనోయ్‌లో జనవరి, ఫిబ్రవరి నెలల్లో పది పదిహేను డిగ్రీల చలి, దాని మీద మంచులాంటి సన్న తుంపర, రోజుల తరబడి ఎండ మొహం కనిపించదు. ఉతికిన బట్ట ఆరదు. మామూలు ఇళ్ళల్లో, చౌక హాస్టళ్ళల్లో హీటర్ ఉండదు. హైదరాబాద్ నుంచి టీషర్టులతో దిగి, ఆ రాత్రే ఇంకా చలిగా ఉండే సపాకి బస్సెక్కి, జ్వరంతో వెనక్కి వచ్చినవాళ్ళని నేను చూశాను. ముందు హనోయ్‌లో ఒక రోజు ఉంటే కనీసం జాకెట్ కొనుక్కుంటారు, డాంగ్ సువాన్ మార్కెట్ చుట్టుపక్కల బోలెడు దొరుకుతాయి. ఆ నెలల్లోనే టెట్ వస్తుంది, చాంద్రమాన కొత్త సంవత్సరం. ఆ వారం చిన్న హోటళ్ళు మూసేసి జనం సొంతూళ్ళకి పోతారు, బస్సుల్లో సీట్లు దొరకవు. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే.

కాబట్టి ముందు కుదురుకోమన్న మాట వరకూ కొత్తదారి గారితో ఏకీభవిస్తాను. కానీ ఎక్కడ కుదురుకోవాలన్న దగ్గర నైట్‌బస్ తమ్ముడు చెప్పిందాంట్లో నిజం ఉంది. తా హియెన్ బీరు వీధి మీద హాస్టల్ తీసుకుంటే మీరు చూసేది సాటి టూరిస్టులనే. నిద్రా ఉండదు, ఊరూ కనపడదు. అక్కడి నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలోనే చుక్ బాక్ సరస్సు వైపు గది చూసుకోండి. పొద్దున్నే ఇళ్ళ ముందు ఎర్రటి చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళు వేస్తారు, పిల్లల్ని బడికి దింపి వచ్చే తల్లులూ ఆఫీసుకెళ్ళేవాళ్ళూ ఆ మోకాలెత్తు స్టూళ్ళ మీద కూర్చుని ఫో (నూడుల్స్ సూప్) తాగేసి పోతారు. మీరూ అదే స్టూల్ మీద రెండు రోజులు వరసగా కూర్చోండి, మూడో రోజు ఫో అమ్మే ఆవిడ మీరు అడగకుండానే గిన్నె పెడుతుంది. నా మటుకు నాకు ఊరు అలవాటవడం అంటే అదే.

దిగగానే చేయాల్సిన చిన్న పని ఒకటి. హాస్టల్‌వాళ్ళు పాస్‌పోర్టు అడుగుతారు, విదేశీయుల వివరాలు పోలీసులకి నమోదు చేయాలి కాబట్టి. ఇవ్వండి, కానీ నమోదు అయ్యాక వెనక్కి ఇమ్మని మర్యాదగా అడగండి. కొన్నిచోట్ల ఖాళీ చేసేదాకా డ్రాయర్‌లోనే పెట్టుకుంటారు, అది అవసరం లేదు.

శాకాహారి:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నాలాంటివాళ్ళకి ఈ ప్రశ్న తేలేదే తిండి దగ్గర. మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టం. కొత్తదారి గారు చెప్పిన మూడు రోజులూ నేను హనోయ్‌లో ఏం తిని బతకాలి? ఫో నీళ్ళే ఎముకలతో కాస్తారటగా. వెళ్ళిన మా బంధువొకాయన ట్రిప్పంతా ఇండియన్ రెస్టారెంట్ పక్కనే గది తీసుకుని గడిపేశాడు.

ఇక్కడే ఉంటున్నా:

ఫో విషయంలో మీరు విన్నది నిజమే, ఎముకల రసమే. కూరగాయల వేపుడు అడిగినా నుయోక్ మామ్, అంటే చేపల్ని పులియబెట్టి తీసే సాస్, వేసేస్తారు. వాళ్ళకది ఉప్పులాంటిది. అందుకని మామూలు హోటల్లో మాంసం వద్దని చెప్పి తృప్తిపడొద్దు. బోర్డు మీద ‘చై’ (chay) అని ఉన్న హోటళ్ళు వెతుక్కోండి, అవి బౌద్ధుల శాకాహార హోటళ్ళు, చేప సాస్ కూడా వాడరు. చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మ్యాప్‌లో ఆ మాట కొడితే ఏ పేటలోనైనా ఒకటి రెండు వస్తాయి. చాంద్రమానం ప్రకారం నెలలో మొదటి రోజూ పదిహేనో రోజూ చాలామంది వియత్నాంవాళ్ళు కూడా శాకాహారమే తింటారు, ఆ రోజుల్లో ఇంకా తేలిక. అన్నం, టోఫు టమాటా కూర, నీటి బచ్చలిలాంటి ఆకుకూర వెల్లుల్లితో వేపుడు, ఇవి మన నోటికి బాగానే పడతాయి.

ఇంకో మాట, మీ ప్రశ్న నిజానికి ముందు కుదురుకోమనే వాదనకే బలం. శాకాహారి దిగిన రాత్రే కొండ ఊరికి పోతే అక్కడ ఏది అడగాలో, ఎలా అడగాలో తెలియదు. హనోయ్‌లో రెండు రోజులు నేర్చుకుని వెళ్తే ఆకలితో పడుకోవాల్సిన పని ఉండదు.

వరంగల్ రైడర్:

హా జ్యాంగ్ పేరు వచ్చింది కాబట్టి చెప్పకుండా ఉండలేకపోతున్నా. మనోళ్ళు దిగిన మర్నాడే అక్కడికెళ్ళి బైకు అద్దెకి తీసుకుంటున్నారు, ఇండియాలో ఆర్టీఓ ఇచ్చిన ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంది కదా అని ధీమా. ఆ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చేది. వియత్నాం ఒప్పుకునేది 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చినది. అంటే మన పర్మిట్ అక్కడ చెల్లదు. అద్దెకిచ్చేవాడు ఏమీ అడగడు, డబ్బు తీసుకుని తాళం ఇచ్చేస్తాడు. పోలీసు ఆపితే జరిమానా అన్నది చిన్న సంగతి. పడి కాలు విరిగితే, చెల్లే లైసెన్సు లేదని ట్రావెల్ ఇన్సూరెన్స్‌వాళ్ళు క్లెయిమ్ తిప్పికొట్టొచ్చు, ఆసుపత్రి బిల్లు మొత్తం మన నెత్తిమీదే. 50 సీసీ లోపు బండికి లైసెన్సు అక్కర్లేదు కానీ ఆ ఘాట్‌రోడ్లకి అది సరిపోదు. బండి నడిపే స్థానిక డ్రైవర్ వెనక కూర్చుని వెళ్ళే ఏర్పాటు ఉంది, అలా వెళ్ళండి, లోయ చూడటానికి మీ రెండు కళ్ళూ ఖాళీగా ఉంటాయి కూడా. నేను బండి మీద లడఖ్ పోయొచ్చినోణ్ణి, అయినా అక్కడ వెనకే కూర్చున్నా.

తొందర వల్లనే ఈ పొరపాట్లు జరుగుతాయని నా అభిప్రాయం. ఊళ్ళో రెండు రోజులుండి నలుగురితో మాట్లాడితే ఈ సంగతులు వాటంతటవే చెవిన పడతాయి.

నైట్‌బస్:

లైసెన్సు విషయం నాకు తెలియదు అన్నా, థాంక్స్. చలి సంగతి కూడా ఒప్పుకుంటున్నా. నేను వెళ్ళింది అక్టోబర్‌లో కాబట్టి నాకది తగల్లేదు.

అయినా నా అసలు మాటకి ఎవరూ జవాబు చెప్పలేదు. సెలవు తక్కువున్నవాడు ఏం వదులుకోవాలి? కాజా అక్క చెప్పినట్టు ఊరు పట్టుబడేదాకా ఉండమంటే బానే ఉంది, అది నాలుగు రోజులు పడితే? నాకు మళ్ళీ వియత్నాం వెళ్ళే అవకాశం ఎప్పుడొస్తుందో తెలియదు. నాన్నగారికి ఆరోగ్యం బాగోదు, ఇంటికి ఒక్కణ్ణే. దొరికిన పది రోజుల్లో వీలైనన్ని చోట్లు చూడాలనుకోవడం అత్యాశ కాదు. అన్ని చోట్లూ హడావిడిగా చూసినా నాకు అన్నీ గుర్తున్నాయి, సపాలో మబ్బు విడిపోయి వరిమళ్ళు మెట్లు మెట్లుగా బయటపడటం ఇప్పటికీ కళ్ళముందుంది. అది చూడకుండా కాఫీ తాగి వచ్చుంటే నాకు బాధగా ఉండేది.

కొత్తదారి:

తమ్ముడూ, నీ పరిస్థితి అర్థమైంది. అత్యాశ అని నేను అనను. పన్నెండు రోజులున్నవాడు ఏం వదులుకోవాలి అని సూటిగా అడిగావు, నేనూ సూటిగానే చెప్తాను. దక్షిణం వదిలేయాలి. హనోయ్ నుంచి హో చి మిన్ సిటీకి రైలు మార్గం 1,726 కిలోమీటర్లు, ముప్పై గంటల పైన ప్రయాణం. విమానంలో వెళ్ళినా ఎయిర్‌పోర్టులకి రానూపోనూ ఒక రోజు పోతుంది. మధ్య వియత్నాంలోని హోయ్ ఆన్, దక్షిణాన సైగాన్ (హో చి మిన్ సిటీకే పాత పేరు), మెకాంగ్ అన్నీ ఇంకెప్పటికో ఉంచి ఉత్తరం ఒక్కటే పెట్టుకుంటే హనోయ్‌లో మూడు రాత్రులున్నా సపాకి మూడు, నిన్ బిన్‌కి రెండు, హాలాంగ్‌కి ఒకటి సుఖంగా వస్తాయి. ఆ అబ్బాయి ప్లాన్‌లో సపాకి ఒక్క పగలు ఉంది. నువ్వు చూసిన ఆ మబ్బు అతను వెళ్ళిన రోజు విడిపోకపోతే? కొండ మీద రెండో రోజు చేతిలో ఉంటేనే కదా మబ్బు విడిపోయేదాకా ఆగగలిగేది. నెమ్మదిగా వెళ్ళమనేది తక్కువ చూడమని కాదు, వెళ్ళిన చోటు చేతికందాలని.

నువ్వన్నదాంట్లో ఒకటి తీసుకుంటున్నాను. మూడు రాత్రులు ఒకే మంచం అన్నాను కానీ మూడు పగళ్ళూ ఊళ్ళోనే ఉండక్కర్లేదు. మూడో రోజు బ్యాగు హాస్టల్లోనే వదిలేసి నిన్ బిన్ పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేయొచ్చు. అప్పుడు నిన్ బిన్‌కి పెట్టిన రెండు రాత్రులూ సపాకే కలుపుకోవచ్చు. మొదటి రోజు మాత్రం దేనికీ పరిగెత్తొద్దు. నోయ్ బాయ్ ఎయిర్‌పోర్టు నుంచి 86 నంబరు బస్సు ఓల్డ్ క్వార్టర్ మీదుగా రైల్వేస్టేషన్ దాకా పోతుంది, నేను ఎక్కినప్పుడు టికెట్టు 45,000 డాంగ్‌లు. అంత పొద్దున గది ఇవ్వరు, బ్యాగు రిసెప్షన్‌లో పడేసి హోన్ కీమ్ సరస్సుకి నడిచిపోవాలి. ఆ వేళకి ఊళ్ళోని పెద్దవాళ్ళంతా అక్కడే ఉంటారు, స్పీకర్లో పాట పెట్టుకుని వరసలుగా నిలబడి వ్యాయామం చేస్తూ, విసనకర్రలు తిప్పుతూ. ఎవరూ మనకి ఏమీ అమ్మరు, ఎవరూ పిలవరు. రాత్రంతా విమానంలో వచ్చినవాడికి కొత్త దేశంలో మొదటి గంట అక్కడ గడవడం ఎంత మంచిదో నేను మాటల్లో చెప్పలేను.

కాకినాడ కాజా:

ఉత్తరం ఒక్కటే పెట్టుకోమన్న మాటకి నా ఓటు. ఇంట్లోవాళ్ళ గురించి కూడా అతనికి చెప్పండి. మొదటి రోజు అమ్మావాళ్ళకి వీడియో కాల్‌లో హాస్టల్ గది, బయట వీధి చూపించేస్తే వాళ్ళ టెన్షన్ సగం తగ్గుతుంది. రోజూ ఊరు మారుస్తుంటే రోజూ కొత్త కంగారు వాళ్ళకి. మా అమ్మ హాస్టల్ రిసెప్షన్ అమ్మాయికి ఫోన్లోనే నమస్కారం పెట్టేది, రెండో రోజుకి ఆ అమ్మాయి తిరిగి పెట్టడం మొదలుపెట్టింది.

నైట్‌బస్:

సరే, దక్షిణం వదిలేస్తే మూడు రాత్రులకి నేను అడ్డుపడను. ఉత్తరం దక్షిణం రెండూ కావాలనుకునేవాడికి మాత్రం నా సలహా అదే, రాత్రి బస్సెక్కు. ఇందులో మనం కలవం అన్నా.

ఇక్కడే ఉంటున్నా:

కొత్తదారి గారూ, ఆ అబ్బాయి ఏ వారం దిగుతున్నాడు? శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా హోన్ కీమ్ సరస్సు చుట్టూ బండ్లు ఆపేసి నడిచేవాళ్ళకే వదులుతారు, బాగుంటుంది కానీ విపరీతమైన జనం, గ్రాబ్ దూరంగా దింపుతుంది. హో చి మిన్ సమాధి పొద్దున పూట మాత్రమే, సోమ శుక్రవారాలు అసలే తెరవరు. నిక్కర్లతో లోపలికి రానివ్వరు.

కొత్తదారి:

బుధవారం తెల్లవారుజామున దిగుతున్నాడండీ, నవంబర్‌లో. అయితే సమాధి గురువారం పొద్దున్నే చూసేయమంటాను. శుక్రవారం నిన్ బిన్ వెళ్ళి చీకటి పడ్డాక తిరిగొస్తే వీధులు మూసేసి ఉంటాయి కాబట్టి, వ్యాను దింపే చోటు నుంచి హాస్టల్‌కి నడిచే దారి ముందు రోజే ఒకసారి చూసుకోమని చెప్తాను. సపా టికెట్టు ఇంకా కొనలేదట, శనివారం పగటి బస్సుకి మార్పిస్తున్నాను.